కోడలి కోపం కోడలిదా, థైరాయిడ్‌దా?

ప్రశ్న: మా కోడలికి ఆడపిల్ల పుట్టి ఏడు నెలలు. పుట్టింట్లో పురుడు పోసుకుని మూడో నెలలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన మనిషి, పెళ్ళినాటి మనిషి కాదు. చిక్కిపోయింది, చేతులు వణికేవి, నిద్ర లేదు, చిన్న మాటకే ఎగిరిపడేది. ఒకరోజు పాపకి నీళ్ళు పోసి, ముక్కులో రెండు చుక్కలు నూనె వేసి, సాంబ్రాణి పొగ పడుతుంటే నా చేతుల్లోంచి లాక్కుంది. "నా పిల్లని నన్ను పెంచుకోనివ్వండి. తలుపు కొట్టకుండా నా గదిలోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని చుట్టాల ముందే అరిచింది. తర్వాత రెండు నెలలకల్లా పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు మాటే లేదు. ఉక్కపోతలో కూడా శాలువా కప్పుకుంటుంది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంది. పాప ఏడుస్తున్నా ఒక్కోసారి అలాగే చూస్తూ కూర్చుంటుంది. డాక్టరమ్మ పరీక్ష చేయించి థైరాయిడ్ అన్నారు. టీఎస్‌హెచ్ 62 ఉందట. మాత్ర మొదలుపెట్టి మూడు వారాలైంది, తేడా ఏమీ కనిపించడం లేదు. మా అబ్బాయేమో "అమ్మా, ఆ రోజు అన్నవన్నీ హార్మోన్లు అన్న మాటలు, తనవి కావు, పట్టించుకోకు" అంటాడు. నాకు అంతుపట్టడం లేదు. ఆ మాటలు తనవా, రోగానివా? నాకూ నెలసరి ఆగే రోజుల్లో కొన్నేళ్ళు కోపం ముక్కు మీదే ఉండేది. అప్పుడు మా ఇంట్లో ఎవరూ హార్మోన్లు అనలేదు, "దీనికి తిక్క" అన్నారు. ఈ మాత్ర జీవితాంతం వేసుకోవాలా? పాలివ్వచ్చా? క్యాబేజీ మానిపించాను. ఉప్పు కూడా మార్చి సైంధవ లవణం వాడమంటున్నారు, మార్చనా?
– ఒక అత్తగారు, భీమవరం

సమాధానం: అమ్మా, మాత్రల సంగతి, ఉప్పు సంగతి చివర్లో చెబుతాను. అవి తేలిక. మీరు మధ్యలో అడిగిన ప్రశ్న, "ఆ మాటలు తనవా, రోగానివా?" అన్నది, చాలామంది డాక్టర్లు కూడా తప్పించుకుని పోయే ప్రశ్న. ముందు దాని సంగతి చూద్దాం. మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం మీ మంచి కోరి చెప్పినదే, కానీ దానివల్ల మీ ఇద్దరికీ నష్టం.

మొదట ఆమె మెడలో ఏం జరిగిందో చూడండి. దూరాన కూర్చుని రోగం పేరు పెట్టకూడదు. కానీ మీరు రాసిన వరుస, అంటే మూడో నెలలో చిక్కిపోవడం, వణుకు, కోపం, ఆ తర్వాత చలి, మందకొడితనం, మతిమరుపు, చూస్తే ప్రసవానంతర థైరాయిడైటిస్ అనే జబ్బు నడిచే తీరు ఇదే. నూటికి నాలుగైదుగురు బాలింతలకు వస్తుంది. రిపోర్టుల్లో యాంటీ టీపీఓ (ఒళ్ళు తన థైరాయిడ్ మీదే దాడి చేస్తోందా అని చూసేది) అనే పరీక్ష ఉండి, అది పాజిటివ్ అని ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్ళూ తల్లి రోగనిరోధక వ్యవస్థ కాస్త తగ్గి ఉంటుంది. బిడ్డలో సగం తండ్రి తాలూకు కదా, ఆ సగాన్ని పరాయిదని తరిమెయ్యకుండా ఉండాలి. కాన్పు అయ్యాక ఆ వ్యవస్థ మళ్ళీ విజృంభిస్తుంది. కొందరిలో ఆ ఊపులో సొంత థైరాయిడ్ గ్రంథి మీదే పడుతుంది. థైరాయిడ్‌కి ఒక ప్రత్యేకత ఉంది. రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్‌ని లోపల నిల్వ పెట్టుకుంటుంది. ఇంత నిల్వ ఉంచుకునే హార్మోన్ గ్రంథి ఒంట్లో ఇంకొకటి లేదు. దాడిలో గ్రంథి దెబ్బతినగానే ఆ నిల్వంతా రక్తంలోకి కారిపోతుంది. అదే మీరు చూసిన మూడో నెల: గుండె దడ, చేతుల వణుకు, చెమట, తిన్నా ఒళ్ళు చిక్కడం, నిద్ర పట్టకపోవడం, పట్టరాని చిరాకు. కొన్ని వారాలకు నిల్వ ఖాళీ అవుతుంది. గ్రంథి ఇంకా కోలుకోలేదు కాబట్టి కొత్తది తయారు కాదు. ఇది ఇప్పుడు మీరు చూస్తున్న దశ: చలి, మలబద్ధకం, జుట్టు ఊడటం, గొంతు బొంగురు, మాట మందం, ఆలోచన మందం. మొదటి దశలో ఎవరైనా రక్తం పరీక్ష చేయించి ఉంటే టీఎస్‌హెచ్ అడుగంటి కనిపించేది. ఇప్పుడు 62. మనిషి ఒక్కరే, గ్రంథి ఒక్కటే. ఇంట్లోవాళ్ళకి మాత్రం మొదట గయ్యాళి, తర్వాత బద్ధకస్తురాలు కనిపించారు.

ఆ 62 చూసి భయపడకండి. టీఎస్‌హెచ్ అసలు థైరాయిడ్ హార్మోనే కాదు. మెదడు కింద చిక్కుడు గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ని పని చెయ్యమని పురమాయించే హార్మోన్ అది. పిట్యూటరీకి పైన హైపోథాలమస్ అనే మెదడు భాగం ఉంది, అది పిట్యూటరీని పురమాయిస్తుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ చాలినంత ఉంటే పై ఇద్దరూ ఊరుకుంటారు. తగ్గితే గొంతు పెంచుతారు. హార్మోన్ కొంచెం తగ్గినా పిట్యూటరీ పురమాయింపు చాలా రెట్లు పెరుగుతుంది. మామూలుగా 4, 5 లోపు ఉండాల్సింది 62 ఉంది కాబట్టి జబ్బు పదిహేను రెట్లు ముదిరిందని లెక్క కట్టకూడదు. ఇన్సులిన్, కార్టిసాల్, నెలసరి నడిపే ఈస్ట్రోజెన్, ఒంట్లో ఏ హార్మోన్ చూసినా దాదాపు ఇదే పద్ధతి. ఒకటి పెరిగితే దాన్ని పుట్టించేది తగ్గుతుంది, అది తగ్గితే పుట్టించేది పెరుగుతుంది. మనం నిద్రలో ఉన్నా ఈ సర్దుబాటు నడుస్తూనే ఉంటుంది.

ఇక మీ ప్రశ్న. స్పెయిన్‌లో గ్రెగోరియో మరన్యోన్ అనే పేరున్న హార్మోన్ల డాక్టరు ఉండేవాడు. 1924లో ఆయన ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. రెండొందలకు పైగా మనుషులకు అడ్రినలిన్, అంటే భయం వేసినప్పుడు ఒంట్లో ఎగిసే హార్మోన్, ఇంజెక్షన్‌గా ఇచ్చి, ఎలా ఉందో చెప్పమన్నాడు. గుండె కొట్టుకుంది, చేతులు వణికాయి. ఎక్కువమంది ఆ ఒంటి లక్షణాలే చెప్పి ఊరుకున్నారు. మిగిలినవాళ్ళలో చాలామంది "భయపడినట్టు ఉంది, కానీ భయం లేదు", "ఏడుపు వచ్చేట్టుంది, ఎందుకో తెలీదు" అన్నారు. ఒళ్ళంతా సిద్ధమైంది, దానికి తగ్గ విషయమే లేదు. బహు కొద్దిమందిలో మాత్రం నిజమైన దుఃఖం, నిజమైన భయం పుట్టాయి. ఎవరిలోనంటే, జబ్బుతో ఉన్న పిల్లల గురించో, పోయిన తల్లిదండ్రుల గురించో ముందు కాసేపు మాట్లాడించినవాళ్ళలో.

వందేళ్ళ కిందటి ఆ ప్రయోగం నాకు మీ ఇంటి పంచాయితీలో బాగా పనికొచ్చేలా కనిపిస్తోంది. హార్మోన్ పొయ్యి కింద మంట లాంటిది. మంట పెంచితే పొంగుతుంది, నిజమే. కానీ పొంగేది గిన్నెలో ఉన్నదే. తలుపు కొట్టకుండా గదిలోకి రావద్దు అన్న వాక్యం థైరాయిడ్ గ్రంథిలో ఎక్కడా నిల్వ ఉండదు. "ఎన్నిసార్లు చెప్పాలి" అన్నదంటే అంతకుముందు నెమ్మదిగా చెప్పే ఉంటుంది. ఎవరూ వినిపించుకుని ఉండరు. మూడో నెలలో దడ, వణుకు, నిద్రలేమి కలిసి ఆమెకు ఓపిక లేకుండా చేశాయి, గొంతు పెంచాయి, చుట్టాలున్నారన్న మొహమాటాన్ని తీసేశాయి. ఆ రోజు పడ్డ రభస థైరాయిడ్ ఖాతాలో రాసుకోండి. చెప్పిన విషయం ఆమె ఖాతాలో రాయండి.

ఇంకో మాట. మీకు కాస్త కటువుగా ఉండొచ్చు. నూనె, పొగ విషయంలో ఆమె చెప్పింది వైద్యపరంగా సరైనదే. పసిపిల్లల ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ము లాంటి జబ్బు చేస్తుంది. సాంబ్రాణి అయినా, పిడక అయినా, పొగ పసిగుడ్డు ఊపిరితిత్తులకి పొగే. ఒంటికి నూనె రాసి మర్దన చేయడం మంచిదే, మానక్కర్లేదు. ముక్కులో, చెవిలో వద్దు. మీ అబ్బాయి సలహా ప్రకారం ఆ రోజు మాటలన్నీ హార్మోన్లని కొట్టిపారేస్తే, కోడలితో పాటు మనవరాలికి పనికొచ్చే సలహా కూడా చెత్తబుట్టలోకి పోతుంది.

మీ సంగతే తీసుకుందాం. నెలసరి ఆగే ఏళ్ళలో ఈస్ట్రోజెన్ ఒక పద్ధతిలో తగ్గదు. ఒక నెల ఎగిసి, ఒక నెల పడి, ఎటూ తేలకుండా నడుస్తుంది. రాత్రిళ్ళు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, నిద్ర ముక్కలు ముక్కలు. తెల్లారేసరికి చిరాకు. ఇవన్నీ మీకూ వచ్చే ఉంటాయి. అయితే ఆ ఏళ్ళలో మీరు కోపంలో అన్న మాటలన్నీ అబద్ధాలేనా? "ఇంటిల్లిపాదికీ నేనొక్కదాన్నే చెయ్యాలా?" అని ఒక్కసారైనా అని ఉంటారు. అది తిక్క అని మీరు ఇప్పటికీ ఒప్పుకోరనుకుంటాను, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఆనాడు మీ మాటని "తిక్క" అని తోసేశారు. ఈనాడు మీ కోడలి మాటని "హార్మోన్" అని తోసేస్తున్నారు. పదం శాస్త్రీయంగా మారింది, పని మాత్రం అదే చేస్తోంది. మీరు ఉత్తరంలో ఆ సంగతి ఎత్తారంటే మీకూ ఇది ఎక్కడో తట్టే ఉంటుంది.

అలాగని హార్మోన్లకు మనసు మీద పట్టు లేదనడం కూడా పొరపాటే. మాయ పడిపోగానే గర్భంలో ఎన్నో రెట్లు పెరిగిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ కొద్ది రోజుల్లోనే పాత స్థాయికి పడిపోతాయి. కాన్పైన మూడో రోజో, నాలుగో రోజో కారణం లేకుండా కళ్ళనీళ్ళు పెట్టుకోని తల్లులు తక్కువ. చాలామందిలో అది రెండు వారాల్లో పోతుంది. కొందరిలో పోదు. ఎందుకు? 2000లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు చిన్న ప్రయోగమే చేశారు, కానీ ఆలోచింపజేసేది. గర్భం లేని 16 మంది స్త్రీలకు ఆ రెండు హార్మోన్లనీ మందులుగా ఇచ్చి, గర్భంలో ఉన్నట్టు పెంచి, తర్వాత ఎవరికీ చెప్పకుండా ఆపేశారు. అందులో 8 మందికి అంతకుముందు కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చి తగ్గింది, 8 మందికి ఎప్పుడూ రాలేదు. వచ్చినవాళ్ళలో 5 మందికి మళ్ళీ మనసు కుంగింది. రానివాళ్ళలో ఒక్కరికీ కాలేదు. హార్మోన్ పతనం అందరికీ ఒకటే, దాన్ని తట్టుకునే తీరు వేరు. కాబట్టి "మేమూ కన్నాం, మాకు ఇవేవీ లేవే" అన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాకుండా చూడండి. మీరు అన్నారని కాదు. పరామర్శకి వచ్చేవాళ్ళు అంటారు.

ఇప్పటి దశ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అరిచేవాళ్ళని అందరూ పట్టించుకుంటారు, మూలన కూర్చున్నవాళ్ళని ఎవరూ పట్టించుకోరు. థైరాయిడ్ హార్మోన్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోకీ వెళ్ళి, కేంద్రకంలో జన్యువుల పనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. మెదడు కణాలకూ మినహాయింపు లేదు. అది చాలకపోతే జ్ఞాపకం, శ్రద్ధ, ఉత్సాహం అన్నీ నెమ్మదిస్తాయి. పాలు పొంగిపోతున్నా లేవకపోవడం లెక్కలేనితనం కాదు. పాప ఏడుపు వినపడుతుంది. విన్నాక లేవాలని మెదడు పురమాయించడానికీ, ఒళ్ళు కదలడానికీ మధ్య చాలా ఎడం వస్తుంది. 1949లో లండన్‌లో రిచర్డ్ ఆషర్ అనే వైద్యుడు 14 మంది రోగుల గురించి రాశాడు. మతి చలించిందని అనుకున్న వాళ్ళందరికీ అసలు జబ్బు థైరాయిడ్ లోపం. హార్మోన్ ఇచ్చాక ఎక్కువమంది తేరుకున్నారు. మీ కోడలి స్థితి అంత దూరం పోలేదు. కానీ ఆ దారి ఎటు పోతుందో తెలిస్తే, మూలన కూర్చున్న మనిషిని చూసే చూపు మారుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. థైరాయిడ్ అని తేలింది కాబట్టి అంతా థైరాయిడే అనుకోవద్దు. కాన్పు తర్వాతి డిప్రెషన్ దాంతో పాటుగా ఉండొచ్చు, అప్పుడు థైరాయిడ్ మాత్ర ఒక్కటే చాలదు. తర్వాతిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని ఈ మాట సూటిగా అడగండి. పది ప్రశ్నల చిన్న పత్రం ఒకటి ఉంటుంది, పది నిమిషాల పని. పాప నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టడం లేదన్నా, తను ఉండి ఏం లాభం అన్నా, పాపకి ఏదైనా చేసేస్తానేమోనని భయపడినా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడినా, ఇంట్లోవాళ్ళని లేనిపోని అనుమానంతో చూసినా, మరునాటికి వాయిదా వెయ్యకండి. ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి, పాపతో ఆమెని ఒంటరిగా వదలకండి. రాత్రివేళ ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు.

మీ అబ్బాయికి కూడా ఒక మాట. హార్మోన్లు ప్రవర్తనని మారుస్తాయని అందరికీ తెలుసు. ప్రవర్తన కూడా హార్మోన్లని మారుస్తుందని చాలామందికి తెలీదు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో 600 మందికి పైగా యువకుల్ని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధన 2011లో వెలువడింది. తండ్రులైనవాళ్ళలో టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది. బిడ్డల ఆలనాపాలనా రోజూ గంటల తరబడి చూసుకునే తండ్రుల్లో అది ఇంకా తక్కువగా ఉంది. భయపడాల్సిన తగ్గుదల కాదు. పిల్లని ఎత్తుకున్న మగాడి ఒళ్ళు తండ్రి పనికి తగ్గట్టు సర్దుకుంటుంది, అంతే. "హార్మోన్లు" అని అమ్మకి పాఠం చెప్పే అబ్బాయి రాత్రి ఒంటిగంట పాలప్పుడు లేచి, పాపని త్రేన్పించి, గుడ్డ మార్చి పడుకోబెడితే ఆ పాఠానికి విలువ ఉంటుంది. తల్లికి విడవకుండా నాలుగైదు గంటల నిద్ర దక్కడం ఇప్పుడు మందుతో సమానం. తల్లిపాలు దిగడం కూడా ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పనే. బిడ్డ ఏడుపు వినగానే అది విడుదలవుతుంది, కంగారు, నొప్పి, అవమానం ఉన్నప్పుడు ఆగుతుంది. ఇంట్లో గొడవ జరిగిన పూట "పాలు రావడం లేదు" అంటే వంక అనుకోకండి.

మరి మీరేం చెయ్యాలి? ఆమె కుదుటపడేదాకా ఆగి, అప్పుడు కూర్చోబెట్టి "ఆ రోజు అలా అన్నావు" అని తేల్చుకోవాలని ఉంటుంది మీకు. అలా చెయ్యకండి. ఇవాళ నుంచే తలుపు కొట్టి వెళ్ళండి. దాని గురించి ఏమీ చెప్పనక్కర్లేదు, కొట్టి, కాసేపు ఆగి, రమ్మంటే వెళ్ళండి. చుట్టాల ముందు మీకు జరిగిన చిన్నతనం నిజమే, అది మీ మనసులో ముల్లులా ఉండటం సహజం. ఆమె కోలుకున్నాక, ఎప్పుడో కూరలు తరుగుతున్నప్పుడు, "ఆ రోజు నాకు బాధేసింది" అని చెప్పండి. జబ్బు వల్ల అరిచిన మనిషికి కూడా తను అరిచిన సంగతి గుర్తుంటుంది. చాలామంది తామే సిగ్గుపడుతుంటారు. హార్మోన్ అని మీరు పూర్తిగా మాఫీ చేసేస్తే, ఆమెకి క్షమాపణ అడిగే అవకాశం కూడా ఉండదు.

అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె ఇకమీదట దేని గురించి విసుక్కున్నా "మాత్ర వేసుకున్నావా?" అని అడగకండి. మీ అబ్బాయినీ అడగనివ్వకండి. మాత్ర పొద్దున్నే వేసుకునేలా చూడటం వేరు. మధ్యాహ్నం ఆమె ఏదో కాదన్నప్పుడు ఆ ప్రశ్న వెయ్యడం వేరు. రెండోది మూడుసార్లు జరిగితే ఆ ఇంట్లో ఆమె నోరు విప్పదు. మీరంతా థైరాయిడ్ తగ్గిందనుకుంటారు.

ఇక మాత్ర సంగతి. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ, టిఫిన్ ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగి. కాఫీతో పాటు మింగితే మందు సరిగ్గా ఒంటబట్టదు. కాన్పు తర్వాత ఇచ్చిన ఐరన్, క్యాల్షియం మాత్రలు ఇంకా వాడుతుంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మన ఇళ్ళలో మాత్రలన్నీ ఒకే డబ్బాలో వేసి, టిఫిన్ అయ్యాక ఒకేసారి అరచేతిలో పోస్తాం. డోసు ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగడం లేదని వచ్చేవాళ్ళలో చాలామంది సంగతి ఆ అరచేతిలోనే తేలుతుంది. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. సీసా పొయ్యి గట్టు పక్కన, ఎండ తగిలే కిటికీలో పెట్టకండి.

మూడు వారాలకే తేడా లేదని నిరాశ వద్దు. అడ్రినలిన్ నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోతుంది. ఈ మాత్రలో ఉండే థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందువల్ల మాత్ర వేసుకుంటున్నా రక్తంలో మోతాదు ఒక స్థాయికి వచ్చి నిలవడానికి ఐదారు వారాలు కావాలి. మళ్ళీ పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకి చేయించమనేది ఇందుకే. ముందే చేయిస్తే అంకె తప్పుదారి పట్టిస్తుంది. మనిషిలో చురుకు మాత్రం ఈలోపే కొంచెం కొంచెంగా తెలుస్తుంది. శాలువా పక్కన పెట్టడం, మలబద్ధకం తగ్గడం ముందు కనిపిస్తాయి. జుట్టు అన్నిటికంటే చివర కోలుకుంటుంది, దానికి నెలలు పడుతుంది.

జీవితాంతమా అంటే, కచ్చితంగా అని చెప్పలేం. ఈ రకం జబ్బులో చాలామందికి కాన్పైన ఏడాది, ఏడాదిన్నరకల్లా గ్రంథి తనంతట తానే కోలుకుంటుంది. కొందరికి లోపం అలాగే ఉండిపోతుంది. మొదట్లో టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ ఉండి, యాంటీ టీపీఓ పాజిటివ్ ఉన్నవాళ్ళు ఆ రెండో గుంపులో పడే అవకాశం ఎక్కువ. కొన్ని నెలల తర్వాత డాక్టరమ్మే డోసు తగ్గించి చూస్తారు. మీ అంతట మీరు ఆపకండి. ఇంకో బిడ్డ కోసం అనుకుంటున్నప్పుడు అసలే ఆపకూడదు. గర్భం అని తెలియగానే వెంటనే వెళ్ళి డోసు చూపించుకోవాలి, అప్పుడు అవసరం పెరుగుతుంది. మాత్ర మానేసినా ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. తర్వాతి కాన్పుకి ఇదే తిరిగి రావడం కూడా మామూలే, అప్పుడు మూడో నెలలో వణుకు కనిపించగానే మీరే ముందు గుర్తుపడతారు.

పాలు నిక్షేపంగా ఇవ్వచ్చు. ఒంట్లో ఉండాల్సిన హార్మోన్‌నే బయటి నుంచి ఇస్తున్నాం, పాపకి హాని లేదు.

క్యాబేజీ మళ్ళీ వండండి. పచ్చిది బుట్టలకొద్దీ తింటే తప్ప మన కూరలో వేసేదానివల్ల థైరాయిడ్‌కి ఏమీ కాదు. ఉప్పు మాత్రం మార్చకండి. సైంధవ లవణంలో సాధారణంగా అయోడిన్ కలపరు. ఆమెకి వచ్చింది అయోడిన్ లోపం వల్ల వచ్చిన జబ్బు కాదు, నిజమే. కానీ పాలిచ్చే తల్లికి రోజుకి 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, మామూలు మనిషికి 150 చాలు. పాప మెదడు ఎదుగుదలకు కావలసిన అయోడిన్ చాలావరకు తల్లిపాలలోంచే రావాలి. ఈ విషయంలో మనవాళ్ళు కాస్త గర్వపడొచ్చు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఊళ్ళకు ఊళ్ళు తిరిగి, అయోడిన్ కలిపిన ఉప్పు ఇచ్చిన చోట గొంతువాపు తగ్గుతోందని రుజువు చేశారు. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఆ పని ఆధారం. మీ వంటింట్లోని ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ అన్న మాట వెనక ఆయన శ్రమ ఉంది. దాన్ని ఎవరో వీడియోలో చెప్పారని తీసెయ్యకండి.

పరీక్షకి వెళ్ళే ముందు ఒక చిన్న సంగతి. జుట్టు ఊడుతోందని ఆమె బయోటిన్ మాత్రలు వాడుతోందేమో కనుక్కోండి. అవి కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ లెక్కల్ని తారుమారు చేస్తాయి. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపాలి, వాడుతున్నట్టు డాక్టర్‌కి చెప్పాలి. రక్తం పొద్దున్నే, ఆ రోజు మాత్ర వేసుకోకముందు ఇవ్వమనండి. పాత రిపోర్టులు, కాన్పు నాటి ఫైలు తీసుకెళ్ళండి. మూడో నెలలో వణుకు, చిక్కడం ఎప్పుడు మొదలైందో, నీరసం ఎప్పటి నుంచో తేదీలతో ఒక కాగితం మీద రాసివ్వండి. ఇంట్లో అందరికంటే మీకే అవి బాగా గుర్తున్నాయి. డాక్టరమ్మ గదిలోకి మీరు వెళ్ళాలా, భర్త వెళ్ళాలా, తనొక్కతే వెళ్ళాలా అన్నది మాత్రం ఆమెనే అడగండి.